లీటరుకు రూపాయి

11 సెప్టెంబరు 2024, బుధవారం

ముసురు వదల్లేదు. బుడమేరు నీళ్ళన్నీ కొల్లేట్లోకి దిగుతున్నాయని టీవీలో చెబుతున్నారు. బంకు ముందు గోతులు నీళ్ళతో నిండి రోడ్డంతా ఒకే మట్టంగా కనబడుతోంది. భయమంతా అదే. ఏది జానెడు లోతో, ఏది మోకాలి లోతో తెలియదు.

పొద్దున్నే మొగుడూ పెళ్ళాం టీవీఎస్ మీంచి పడ్డారు. చంకలో చంటిపిల్ల. పిల్లకేం కాలేదు. ఆవిడ మోచేతికి కట్టు కట్టాను. ఈలోగా ఆయన బండి లేపి, బురద తుడిచి, రెండొందలకి పెట్రోలు పోయించుకున్నాడు. "వస్తామక్కా" అని వెళ్ళిపోయారు. ఎవరినీ ఒక్క మాటా అనలేదు. ఎందుకనలేదు?

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూది అయిపోయింది. తెప్పించాలి. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో తేదీ వేశాను.

28 సెప్టెంబరు, శనివారం

ట్యాంకరు దింపించాం. డిప్ చూసి, డెన్సిటీ రాసి, కుర్రాళ్ళు టీకి వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని లెక్క వేశాను. పన్నెండు వేల లీటర్లు. లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. అంటే ఈ ఒక్క లోడు మీదే పన్నెండు వేలు. 2020 సెప్టెంబరు నుంచీ ఇదే. పెట్రోలుకి 31 శాతం వ్యాటు, దాని మీద నాలుగు రూపాయలు, దాని మీద ఈ రూపాయి. ఈ రూపాయి మీద మళ్ళీ వ్యాటు. కేంద్రం తీసుకునేది వేరే.

ఈ రూపాయినే చూపించి రోడ్ల కార్పొరేషన్ బ్యాంకులో 2,000 కోట్లు అప్పు తెచ్చింది. అంటే మనం ఇవాళ కట్టేది ఎప్పుడో ఖర్చయిన డబ్బు. ఎక్కడ ఖర్చయిందో... కాలవగట్టు మీద మన పదమూడు కిలోమీటర్లలో మాత్రం కనబడదు.

6 అక్టోబరు, ఆదివారం

అమ్మాయి గ్రూప్ టూ పుస్తకం పైకి చదువుతోంది. వంట చేస్తూ విన్నాను. పెట్రోలు మీద రోడ్ల కోసం పన్ను 1929 నుంచే ఉందట. జయకర్ కమిటీ చెప్పిందట. ఆ పన్ను వెళ్ళే కేంద్ర నిధికి ఇప్పటి చట్టం 2000 నాటిది. మొదట్లో డీజిలు సెస్సులో సగం పల్లెటూరి రోడ్లకే. 2018లో ఆ నిధి పేరులో "మౌలిక సదుపాయాలు" కూడా చేరాయి. రైళ్ళు, రేవులు, ఇంకా ఏవేవో. తినే నోళ్ళు పెరిగాయి.

రాష్ట్ర రోడ్లకిచ్చే వాటా ఎలా పంచుతారని అడిగాను. విస్తీర్ణానికి 70 పాళ్ళు, కాల్చిన నూనెకి 30 అంది. మరి మోసే బరువుకి? రాత్రంతా చేపల లారీలు, రొయ్యల లారీలు. ఐసు కరిగి ఆ ఉప్పునీళ్ళు మైళ్ళ పొడవునా కారుతూనే ఉంటాయి. కింద నల్లరేగడి. ఆ బరువు ఏ పాళ్ళలోకి వస్తుంది?

"పుస్తకంలో లేదమ్మా" అంది.

2 నవంబరు, శనివారం

టీవీలో వెన్నెలపాలెం. పరవాడ మండలం. ముఖ్యమంత్రి స్వయంగా గుంత పూడ్చారు. సంక్రాంతికల్లా రాష్ట్రంలో గుంతలు ఉండకూడదన్నారు. డ్రైవర్లందరూ నాజిళ్ళ దగ్గర నించుని చూశారు. ఎవరూ నవ్వలేదు. నమ్మాలని అందరికీ ఉంది.

కాకినాడ తిరిగే లారీ అబ్బాయి మాత్రం ఇక్కడ వంద లీటర్లే పోయించుకున్నాడు. మిగతాది యానాంలోనట. అక్కడ చవక. తప్పనలేను, కిస్తీలు కట్టుకోవాలి. కానీ పన్ను పుదుచ్చేరికి, చక్రాలు మన రోడ్డు మీద.

21 నవంబరు, గురువారం

సైకిలు మీద అరటి గెలలు తెచ్చే తాత పోయాడు.

రాత్రి, కాలవగట్టు మీద మలుపు దగ్గర. ఎదురుగా లారీ లైట్లు. గోతిని తప్పించబోయి గట్టు దిగిపోయాడట. సైకిలు తెల్లారి దొరికింది, ఆయన మధ్యాహ్నానికి. అక్కడ రాయి లేదు, గోడ లేదు, ఒక కర్రయినా లేదు. రోడ్డంచు, వెంటనే కాలవ.

కొడుకు స్టేషనుకి వెళ్ళనన్నాడు. "రాసి పెట్టుంది పిన్నీ. పోస్టుమార్టమంటూ ఆయన్ని కొయ్యనివ్వను" అన్నాడు. ఏం చెప్పను?

తాత ఎప్పుడూ ఒక లీటరు కొన్నవాడు కాదు. మరి ఆయన గెలలు ఎక్కిన ప్రతి లారీ కట్టింది కదా. కట్టకపోయినా... రోడ్డు ఆయనది కాదా?

9 డిసెంబరు, సోమవారం

రోడ్ల శాఖ ఏఈ గారు డీజిలు కొట్టించుకోడానికి వచ్చారు. చిన్నవాడు, మర్యాదస్తుడు. గోతులకి డబ్బు వచ్చిందమ్మా, మలుపుకి రాలేదు అన్నారు. పద్దులు వేరట. గోతులు మరమ్మతు, మలుపు భద్రత. భద్రతకి అడగాలంటే ప్రమాదాలు కాగితం మీద ఉండాలి. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్ అనడానికి లెక్క ఉంది. అరకిలోమీటరు మేర, మూడేళ్ళలో, మనిషి చనిపోయినవో గట్టిగా దెబ్బలు తగిలినవో అయిదు ప్రమాదాలు. లేదా పది ప్రాణాలు. మనది జాతీయ రహదారీ కాదు, స్టేషను పుస్తకంలో ఆ మలుపు పేరూ లేదు.

పడ్డవాళ్ళు లేచి ఇంటికెళ్ళిపోతారు. లేవనివాళ్ళని ఇంటివాళ్ళు తీసుకెళ్ళిపోతారు.

ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది, ఫస్ట్ ఎయిడ్ పుస్తకం. తేదీ, వాడిన దూది, ఎవరికి, ఎక్కడ పడ్డారు. అన్నీ నా చేతిరాతే. రాత్రి కూర్చుని మలుపు దగ్గరవి విడిగా ఎత్తి రాశాను. చివర తాత పేరు రాశాను. చెయ్యి వణికింది.

4 జనవరి 2025, శనివారం

పని మొదలైంది. ఇదివరకులా కంకర చల్లి పోవడం కాదు. గోతిని చదరంగా కోశారు, గాలి కొట్టి దుమ్ము ఊదారు, ఎమల్షన్ పోసి వేడి మాలు నింపి రోలరు తిప్పారు. తారు వాసన బంకు దాకా. ఎంత బాగుందో.

అంచుల మట్టి మాత్రం రోడ్డు కన్నా ఎత్తుగా అలాగే ఉంది. నీళ్ళు ఎటు పోతాయండీ, మళ్ళీ ఇక్కడే నిలుస్తాయి కదా అని మేస్త్రిని అడిగాను. ఎస్టిమేటులో లేదమ్మగారూ అన్నాడు. కాసేపు చూశాడు. తర్వాత ఇద్దరు మనుషుల్ని పెట్టి బంకు పక్కన గండి కొట్టించాడు. ఎవరూ చెప్పకుండానే. ఆయన చల్లగా ఉండాలి.

13 జనవరి, భోగి

హైదరాబాదు కార్లు. తెల్లవారుజాము నుంచి వరసే. రోడ్డు బాగుంది కదా, ఎనభై మీద వస్తున్నారు. గోతులున్నప్పుడు మలుపు దగ్గర అందరూ ఆగి ఆగి పోయేవారు. ఇప్పుడెవరూ ఆగడంలేదు. ముందు మలుపుందని చెప్పే బోర్డు లేదు. మధ్యన తెల్లగీత లేదు.

అమ్మాయి భీమవరం కోచింగ్ నుంచి చీకటి పడ్డాక వస్తుంది. స్కూటీ చప్పుడు వినబడేదాకా కౌంటర్ దగ్గరే నించున్నాను.

బాగుచేస్తే భయం పెరగడమేమిటి?

8 ఏప్రిల్, మంగళవారం

ఎక్సైజు సుంకం రెండు రూపాయలు పెంచారు. మన బోర్డు మీద రేటు మారలేదు. కంపెనీలు భరిస్తాయట. రోడ్లకా అని అమ్మాయిని అడిగాను. కాదంది. అది ప్రత్యేక అదనపు సుంకంలోకి. కేంద్రం తీసుకునే రోడ్ల సెస్సు పెట్రోలు మీద అయిదు, డీజిలు మీద రెండే. అయినా రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లో సెస్సు ఉండదట, 270వ అధికరణం.

ఇన్ని పేర్లతో తీసుకుంటారు. ఏ ఒక్క పేరు మీదైనా ఆ మలుపుకి గోడ రాదా?

సాయంత్రం ఏఈ గారు ఫోను చేశారు. నేనిచ్చిన మలుపు కాగితం జతచేసి పంపారట. పైవాళ్ళు చదివారన్నారు. ఆ తర్వాత నాకేం వినబడలేదు.

2 జూలై, బుధవారం

రెండు వానలు పడ్డాయి. బంకు పక్కన ప్యాచ్ చెక్కు చెదరలేదు, నీళ్ళు గండిలోకి పోతున్నాయి. చేపల లారీలు ఆగే చోట మాత్రం అప్పుడే పగుళ్ళు.

మలుపులో బాణం గుర్తుల బోర్డులు పెట్టారు. రాత్రి లైటు పడితే పసుపు మెరుస్తోంది. కాలవ వైపు ఇనప బ్యారియర్ కూడా వచ్చింది. సగానికే. తాత దిగిపోయిన చోటు లోపలికి వచ్చింది. దాని తర్వాత వంపు ఇంకా ఉంది, అక్కడ ఖాళీ. మిగతాది వచ్చే ఏడాది ఎస్టిమేటులోనట.

ఏఈ గారికి బదిలీ. కొత్తాయనకి మలుపు సంగతి తెలియదు. సోమవారం సెలవు అడిగాను, ఓనరు గారు సరేనన్నారు. జనవరి నుంచి పడ్డవాళ్ళ తేదీలు కూడా చేర్చి రాశాను. ఈసారి పంపను, నేనే పట్టుకెళ్ళి చదివి వినిపిస్తాను.