అవిఘ్నమస్తు

డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా అద్దె కట్టడం దండగ, ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునేవి బోలెడున్నాయి, వాటికి మారిపోండి అని చెప్పే వీడియోలు చాలానే చూశాను. సలహా మంచిదే. కాకపోతే ఆ చెప్పేవాళ్ళలో ఎవరూ తెలుగులో పెళ్ళికార్డు వేసి ఉండరు.

నేను పెళ్ళికార్డు దగ్గరే ఎందుకు మొదలుపెట్టానంటే, మా మేనత్త కొడుక్కి నర్సీపట్నంలో డీటీపీ షాపు ఉంది. అబీద్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఓ సందులో. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, గోడ పొడవునా శివకాశి నుంచి వచ్చిన కార్డుల శాంపిల్స్. గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం, పైన చింతపల్లి నుంచి కూడా జనం వస్తారు. కార్డు ఎంచుకుంటారు, నోట్‌బుక్ కాయితం మీద రాసుకొచ్చిన మాటర్ ఇస్తారు, బంధువుల పేర్ల వరస దగ్గర గొడవపడతారు, ప్రూఫు చూసి వెళ్తారు. బావ ఆ మాటర్ని కంపోజ్ చేసి, బటర్ పేపరు మీద ప్రింటు తీసి, స్క్రీన్ ప్రింటింగ్‌కి పంపుతాడు. ఎలక్షన్లప్పుడు ఫ్లెక్సీలు, జూన్‌లో స్కూళ్ళ కరపత్రాలు, ఎప్పుడన్నా ఒక కవిగారి సంకలనం. నేను హైదరాబాదులో కోడు రాసుకుని బతికేవాణ్ణి, చదివిన పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకోవడం సరదా. ఇంట్లో కంప్యూటర్ల సంగతి తెలిసినవాడిని నేనే కాబట్టి, షాపుకి వచ్చే ప్రతి కష్టమూ ఫోన్లో నాదాకా వస్తుంది.

2023లో వచ్చిన కష్టం చిన్నది కాదు. అధిక శ్రావణం పోయి నిజ శ్రావణం వచ్చింది, నెలరోజులు ఆగిన ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ వారంలోనే క్రాక్ పేరుతో దింపిన ఒక ఫైలు వెంట వైరస్ వచ్చి, ముందు గదిలోని కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళన్నిటికీ తాళం వేసింది. పదిహేను పెళ్ళిళ్ళ మాటర్ మళ్ళీ మొదట్నుంచీ కొట్టాల్సి వచ్చింది. అది అయ్యాక బావ ఫోన్ చేసి, "ఇంక దొంగసరుకు నాకొద్దురా. ఏటో ఒకటి కొనేద్దాం. కానీ ఒకేపాలి కొంటాను, నెల్నెల్లా కట్టడం నావల్ల అవదు," అన్నాడు.

ఆ మాటలో ఉన్న లెక్క హైదరాబాదులో కూర్చుంటే అర్థం కాదు. జీతగాడికి నెల అనేది ఉంటుంది. డీటీపీ షాపుకి ఉండేది సీజను. ఆషాఢంలో కార్డులుండవు, మూఢం వస్తే ఉండవు, అధికమాసంలో ఉండవు. మూఢం వచ్చిందని అద్దె ఆగదు కదా. అడోబీ వాళ్ళు 2013 మేలో, ఇక మీదట మా సరుకు అమ్మం, అద్దెకే ఇస్తాం అని ప్రకటించారు. 2012లో వచ్చిన సీఎస్6 ఒక్కసారి కొనుక్కోగలిగిన చివరి వెర్షను. అద్దెలోనూ, ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కట్టే పద్ధతి ఒకటుంది, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మీద అపరాధ రుసుము పడుతుంది. ఆ సంగతి జనానికి సరిగా చెప్పట్లేదని 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద కోర్టుకి కూడా వెళ్ళింది. కోరెల్ డ్రాకి ఒకేసారి కొనే లైసెన్సు ఉంది, కానీ దాని ధర విని బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

నిజానికి మన ఊళ్ళలో అద్దెకీ సొంతానికీ మధ్య పోటీ ఎప్పుడూ లేదు. కంప్యూటర్ అసెంబుల్ చేసినవాడే అన్నీ వేసి ఇస్తాడు. 2002 నాటి ఫొటోషాప్ 7 మీద ఇంకా కరిజ్మా ఆల్బమ్‌లు చేస్తున్న స్టూడియోలు నాకు తెలుసు. కాబట్టి "అందుబాటు ధర" అన్నప్పుడు మా వైపు దాన్ని పోల్చాల్సింది సున్నాతో. సున్నాని వదులుకుని కొంటానని ఒక మనిషి తనంతట తాను అనడం నాకు గొప్పగా అనిపించింది.

సరే, ఎఫినిటీ. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌కి చెందిన సెరిఫ్ అనే కంపెనీ 2014లో ఎఫినిటీ డిజైనర్ తెచ్చింది. ఆ తరవాత ఫొటో, 2019లో పబ్లిషర్. ఒక్కోటీ 50 డాలర్లు, ఒక్కసారే. కోవిడ్ మొదలైనప్పుడు సగం ధరకి ఇచ్చారు. పని తీరు బావుంది, పాత కంప్యూటర్లో కూడా చురుగ్గా నడుస్తుంది. రెండో వెర్షను ట్రయల్ దింపి, నేను ఇక్కడ, బావ అక్కడ, స్క్రీన్ షేర్ పెట్టుకుని కూర్చున్నాం. ప్రతి పెళ్ళికార్డు నెత్తిమీదా ఉండే మూడు మాటలు కొట్టాడు. తెర మీద ఇలా పడింది:

శ్‌రీరస్‌తు శుభమస్‌తు అవిఘ్‌నమస్‌తు.

అవిఘ్నమస్తుకే విఘ్నం వచ్చింది. బావ చాలాసేపు నవ్వాడు. "ఒత్తుల్లేకండా పెళ్ళి సేసీమంటావేటిరా?" అన్నాడు.

ఇలా ఎందుకవుతుందో తెలియనివాళ్ళ కోసం. యూనికోడ్‌లో "శ్రీ" అనేది ఒక అక్షరం కాదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు కోడ్‌లు వరసగా ఉంటాయి. వాటిని చూసి, ఇక్కడ రవత్తు రావాలి, గుడి శకారం మీదకి వెళ్ళాలి అని తేల్చి అక్షరాన్ని కట్టేది ఇంకో యంత్రాంగం. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. లాటిన్ లిపికి అది దాదాపు లేకపోయినా గడిచిపోతుంది. తెలుగు, మలయాళం, అరబిక్ లాంటివాటికి అది లేకపోతే చదువు లేదు. అప్పటి ఎఫినిటీలో అది లేదు. ఇండిక్ లిపులు కావాలని అడిగిన వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. అంటే అద్దె సాఫ్ట్‌వేర్‌కి మనం కట్టేదాంట్లో కొంత మన ఒత్తుల కిరాయి అన్నమాట. ఆ కిరాయి కట్టినా తిన్నగా రావు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే దాన్ని వెతికి ఎంచుకోవాలి, లేకపోతే అక్కడా శ్‌రీనే.

ఇప్పుడు అసలు తమాషా. వెనక గదిలో బావకి ఇంకో కంప్యూటర్ ఉంది. విండోస్ ఎక్స్‌పీ, ఇంటర్నెట్ లేదు, అందుకే వైరస్ దాని జోలికి పోలేదు. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌లోంచి ఒక లైను తెచ్చి ఎఫినిటీలో పెట్టి, అను ఫాంటు తగిలిస్తే "శ్రీరస్తు" పువ్వులా కూర్చుంది. ఎందుకంటే అను దృష్టిలో అది తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ, గుర్తులకీ ఉన్న గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. ఈ గదిలో రవత్తు, ఆ గదిలో తలకట్టు. టైపు చేసేవాడే అక్షరాన్ని ముక్కముక్కగా పేరుస్తున్నాడు, పాత ప్రెస్సులో కంపోజిటరు సీసం అచ్చులు పేర్చినట్టు. కంప్యూటర్ మట్టుకు తను ఏదో అర్థంలేని ఇంగ్లీషు రాస్తున్నాననుకుంటుంది. అందుకని ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఒత్తు విరగదు. మన పత్రికలూ పుస్తకాలూ ఏళ్ళ తరబడి ఆ పేర్పు మీదే నడిచాయి, చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తరవాత ఇంకో వెర్షను రాలేదు. గౌతమి ఫాంటుతో, తెలుగు యూనికోడ్‌తో విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ అదే ఏడాది. కొత్త దారి తెరుచుకున్న ఏడాదే పాత దారి ఆఖరి మైలురాయి పాతారు, మనం ఆ రాయి దగ్గరే కాపురం పెట్టాం.

"మరింకేటి, అను ఉండగా ఎఫినిటీ కొనేద్దాం," అన్నాడు బావ. పెళ్ళికార్డు వరకూ అతని మాట సరైనదే. కార్డు పెళ్ళి దాకా బతికితే చాలు, దాన్ని ఎవరూ వెతకరు.

కానీ నాకు వెనక గది కంప్యూటర్‌తో ఒక పని ఉంది. నాన్న స్కూలు మాస్టారు. మన్యంలో చాలా ఊళ్ళు తిరిగారు. రిటైరయ్యాక ఆ ఊళ్ళ పేర్లు ఎలా వచ్చాయో, అక్కడివాళ్ళు ఏం చెప్పుకుంటారో ఒక చిన్న పుస్తకం రాశారు. 72 పేజీలు, 2009లో బావ షాపులోనే కంపోజ్ అయింది, 300 కాపీలు. నాన్న పోయి ఆరేళ్ళు. ఇంట్లో నాలుగు కాపీలున్నాయి, ఒకదానికి చెదలు. మిగిలిందల్లా ఆ ఎక్స్‌పీ కంప్యూటర్లో ఉన్న పేజ్‌మేకర్ ఫైలు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకుంటే చలికి కర్రలా బిగుసుకుపోతారని అక్కడ చెప్పుకునే కథ. దాని మీద నాన్న రెండు పేజీలు రాశారు. ఆ ఫైల్లో కొర్రబయలు అని వెతికితే ఏమీ దొరకదు. అందులో కొర్రబయలు లేదు. డాలరు గుర్తులూ, అడ్డగీతలూ, తలకిందుల ప్రశ్నార్థకాలూ ఉన్నాయి. అను లేని కంప్యూటర్లో తెరిస్తే కనపడేవి అవే. ఆ ఫైల్ని ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా తెరిచేది, ఆ తరవాతి వెర్షన్లలో ఆ వసతి తీసేశారు. అద్దె కట్టినా అడోబీ ఫైల్ని అడోబీ చదవదు.

ఇక్కడే నాకు ఆ వీడియోల వాదం చాలదనిపించింది. పేజ్‌మేకర్ కూడా ఒక్కసారి కొనే సరుకే. కొన్నవాళ్ళు కొన్నారు, కొననివాళ్ళు కొనలేదు, అందరి పుస్తకాలూ సమానంగా ఇరుక్కున్నాయి. రసీదు ఎవరి పేర ఉందన్నదాని కన్నా లోపల ఉన్న అక్షరం అక్షరంగా ఉందా, బొమ్మగా ఉందా అన్నది నాకు ముఖ్యం. బావతో అదే చెప్పాను. "పుస్తకాలు నీవి, కార్డులు నావి," అని విసుక్కున్నాడు, కానీ నాన్న పేరు ఎత్తాక ఇంకేమీ అనలేదు. ఆ పుస్తకం ప్రూఫులు దిద్దుతూ నాన్న అతని షాపులో ఎన్నో సాయంత్రాలు కూర్చున్నారు.

చివరికి మేం ఏదీ కొనలేదు. హార్ఫ్‌బజ్ అని ఒక ఉచిత షేపింగ్ ఇంజిన్ ఉంది. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్బద్ దాని ముఖ్య రచయిత. పేరుకి పారశీకంలో తెరిచిన అక్షరం అని అర్థం. మీ ఆండ్రాయిడ్ ఫోనులో ఈ వ్యాసం ఒత్తులతో సహా కనిపిస్తోందంటే దాని పుణ్యమే. ఈ మధ్య ఇన్‌డిజైన్ కూడా దాన్నే పెట్టుకుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు కట్టే స్క్రైబస్ రెండూ దాని మీదే తెలుగు రాస్తాయి, రెండూ ఉచితం. 2024 జనవరిలో స్క్రైబస్ 1.6 వచ్చాక బావని కూర్చోబెట్టాను.

ఉచితం అన్నంత మాత్రాన సుఖం కాదు. ఇంక్‌స్కేప్‌కి ప్రింటింగ్ రంగుల విభజన చేతకాదు, ఆఫ్‌సెట్‌కి పంపేవన్నీ స్క్రైబస్ మీదుగా వెళ్ళాలి. స్క్రైబస్ మెనూలు చూస్తే నాకే తల తిరిగింది. ఫ్లెక్సీ వేసేవాళ్ళు ఇంకా కోరెల్ ఫైలే అడుగుతారు, బావ టిఫ్ పంపిస్తే గొణుక్కుంటూ తీసుకుంటున్నారు. అన్నిటికన్నా పెద్ద పేచీ ఫాంట్ల దగ్గర వచ్చింది. సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి: రామభద్ర, మండలి, మల్లన్న, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి. వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు పేర కూడా ఒకటుంది. పేర్లు చూస్తే నాకు ముచ్చటేసింది. బావ ఒక్కోటీ పెట్టి చూసి, "కవులు బాగానే ఉన్నార్రా, పెళ్ళికళే లేదు," అన్నాడు. అదీ అబద్ధం కాదు. అనులో ఉన్నన్ని అలంకారాలు ఇటువైపు ఇంకా రాలేదు. పెళ్ళికూతురి పేరు సన్నని మెలికల అక్షరాల్లో కావాలని అడిగితే, ఇప్పటికీ వెనక గదిలోకి వెళ్ళి అనులో కొట్టుకొస్తాడు.

ఈలోగా ఎఫినిటీ కథ కూడా మారింది. 2024 మార్చిలో సెరిఫ్‌ని కాన్వా కొనేసింది. 2025 అక్టోబరులో ఎఫినిటీని అందరికీ ఉచితం చేశారు, కాన్వా ఖాతా ఉంటే చాలు. ఒక్కసారి కొనుక్కుంటే చాలన్న మాట మీద అంత పేరు తెచ్చుకున్న సరుకుని ఇప్పుడు ఆ ఒక్కసారి కూడా కొననక్కర్లేదు. వార్త చెప్తే బావ, "కొనకపోడమే మంచిదయింది," అని మాత్రం అన్నాడు.

నాన్న పుస్తకాన్ని అనులోంచి యూనికోడ్‌లోకి మార్చే పని సాయంత్రాలు చేస్తున్నాను. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, కొన్ని మాయమవుతాయి. ప్రతి లైనూ అచ్చు పుస్తకంతో పోల్చుకోవాల్సిందే. పోల్చుతుంటే 2009లో అందరి కళ్ళూ తప్పించుకున్న అచ్చుతప్పులు బయటపడుతున్నాయి. నాన్న తన కాపీలో ఎర్రసిరాతో దిద్దుకున్నవి ఎనిమిది ఉన్నాయి, అవన్నీ ఎక్కించాను. బావ స్క్రైబస్‌లో పేజీలు కడుతున్నాడు, పాఠానికి మండలి, శీర్షికలకి రామభద్ర. 41 పేజీలు అయ్యాయి. కొర్రబయలు 23వ పేజీలో ఉంది, వెతికితే దొరుకుతోంది. "క్ష" ఉన్న మాటలన్నీ ఇంకోసారి చూడాలి.