బెరకాకు

మాది లేపాక్షి అని చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "వేలాడే స్తంభం కింద గుడ్డ నిజంగా దూరుతుందా?" దూరుతుంది. చిన్నప్పుడు అమ్మ కొంగు దూర్చి నేనూ చూశాను. ఇక కోస్తా నుంచి వచ్చిన మిత్రులకైతే లేపాక్షి అంటే బొమ్మల దుకాణం. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు మా ఊరి పేరే పెట్టారు కనుక వాళ్ళను తప్పుపట్టలేను. ఆ దుకాణాల్లో కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు దొరుకుతాయి గానీ మా తాత పేనిన తలుగు దొరకదు. మా అవ్వ ఏరే ఆకు అసలే దొరకదు. ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, గుడి గురించి పెద్దవాళ్ళు చాలామంది రాశారు కదా అని, ఈ రెండింటి గురించి రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

మొదటి సంవత్సరం పర్యావరణ పాఠంలో "సుస్థిర జీవనం" అన్న మాట వచ్చింది. మార్కుల కోసం దాని నిర్వచనం బట్టీపట్టాను. ఆ మాటకు మా ఇంట్లో వాడే పేరు వేరే ఉంది: గతిలేనితనం. సంతలో కూరగాయలు కొనలేని వారం అవ్వ చేనుకు పోయి ఒడినిండా రకరకాల ఆకు కోసుకొచ్చేది. అదే బెరకాకు. బెరక అంటే కలగలుపు. ఎనిమిదో తరగతిలో నా డబ్బాలో రాగిముద్ద, బెరకాకు పులుసు చూసి పక్కపిల్ల "మీరు గడ్డి తింటారా?" అంది. ఆ తరువాత ఆ డబ్బా నేను బడికి తీసుకుపోలేదు. ఎందుకని అవ్వ అడగనూ లేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. బడి మూశారు, సంత మూశారు. హిందూపురం పదిహేను కిలోమీటర్లే అయినా ఆ రోజుల్లో అది కాశీ అంత దూరం. మృగశిర వాన పడి చేలు పచ్చబడ్డాక అవ్వ మళ్ళీ ఒడి కట్టుకుంది. చేసేందుకు వేరే పని లేక నేనూ వెంటపడ్డాను. ఆకుల పేర్లు చెప్పమంటే చెప్పేది కాదు.

"నీకెందుకు పాపా ఇవి? ఇవి తెలిస్తే నువ్వూ ఈడనే ఉండిపోతావు. పోయి సదువుకో."

అవ్వ దృష్టిలో ఆ ఆకుల తెలివి ఒక సంకెల. తాను దాంట్లో ఇరుక్కుంది, కొడుకు ఇరుక్కున్నాడు, మనవరాలు మాత్రం ఇరుక్కోకూడదు. ఆ మాటకు జవాబు నాకు అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ పూర్తిగా తోచదు.

అయినా వినలేదు. చూసి చూసి నేర్చుకున్నాను. గురుగాకు పూత పట్టకముందే కోయాలి, లేకపోతే పీచు. దొగ్గలాకు చిగుళ్ళు మాత్రమే గిల్లాలి. తుమ్మి చేదు కనుక గుప్పెడు మించకూడదు. పొన్నగంటి కాలవ పక్కన తడి ఉన్నచోటే దొరుకుతుంది. గంగపాయలాకు పులుపు, అది ఉంటే చింతపండు తగ్గించాలి. అన్నీ కలిపి ఉడికించి మొదటి నీళ్ళు పారబోస్తుంది అవ్వ. ఎందుకంటే "గొంతు గీరుతాది" అంటుంది. కొన్ని ఆకుల్లో ఉండే ఆక్జలేట్లు ఉడికిన నీటిలోకి కొంత దిగిపోతాయని డిగ్రీకి వచ్చాకే నాకు తెలిసింది. తెలియని ఆకు జోలికి మాత్రం అవ్వ పోదు. "సందేహమొస్తే ఇడిసిపెట్టు" అన్నదే ఆమె శాస్త్రంలో మొదటి సూత్రం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. మా మండలం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, జిల్లా మారింది గానీ వాన మారలేదు. ఈ వానకు బతికే మొక్కల సంగతి క్లాసులో విన్నరోజు నాకు కునుకు రాలేదు, అది మా మాస్టారికి కూడా వింతే! గంగపాయలాకు మామూలుగా సీ-ఫోర్ పద్ధతిలో ఆహారం చేసుకుంటుంది. నీళ్ళు కరువైతే క్యామ్ పద్ధతికి కూడా దిగుతుంది, అంటే రాత్రిపూట బొగ్గుపులుసు వాయువు పట్టి దాచుకుని పగలు వాడుకుంటుంది. రెండు విద్యలూ వచ్చిన మొక్కలు లోకంలో బహు అరుదు. అటువంటి దాన్ని మేము కలుపు అని పీకి గట్టుమీద పారేస్తున్నాం.

చేల చుట్టూ కంచెలా పెరిగే కిత్తనార మట్టలదీ ఆ రాత్రి విద్యే. ఎక్కడో మెక్సికో నుంచి వచ్చిన మొక్క మా గెనిమల మీద సొంత ఊరిలా కూర్చుంది. తాత ఆ మట్టలు కోసి, చితక్కొట్టి, కుంటలో నానబెట్టి, కండ కుళ్ళాక కడిగి ఎండబెట్టి, తొడమీద పేని తలుగులు, పగ్గాలు చేసేవాడు. ఆ కంపు ఎలా ఉంటుందో రాస్తే ఈ సంచిక ఎవరూ కొనరు. నేనూ పట్టుబట్టి ఒక తలుగు పేనాను. మట్టల రసం తగిలి రెండు చేతులూ వారం రోజులు దురదపెట్టాయి. తలుగు చూడటానికి బాగానే ఉంది. దూడను కట్టేశాను. తెల్లారి చూస్తే తలుగు ముక్క గుంజకు ఉంది, దూడ పక్కవాళ్ళ బుడ్డల చేన్లో ఉంది. వాళ్ళు మా నాయనను అన్న మాటలు ఇక్కడ అనవసరం. తాత ఆ ముక్కను వేళ్ళతో నలిపి "దండిగా నాననిచ్చినావు, నార సచ్చిపోయింది" అన్నాడు. కండ కుళ్ళాలి, నార కుళ్ళకూడదు. ఆ రెంటి మధ్య ఉండేది ఒకటి రెండు రోజులే. ఆ రోజు ఏదో వాసన చూసి చెప్పేవాడు తాత. ఇప్పుడు ఆయన లేడు. ఇంట్లో పశువులకు నైలాన్ తాళ్ళు. దాన్ని తప్పనను, అవి తెగవు.

అసలు గొడవ మా నాయనతో వచ్చింది. పోయిన ఏడాది ముంగారులో బుడ్డల చేనికి గడ్డి మందు కొట్టించాడు. నాలుగు రోజుల్లో చేను నున్నగా అయింది. అవ్వ గెనిమ మీద నిలబడి చూసి, ఖాళీ ఒడితో తిరిగొచ్చింది. నేను చదువుకున్నదంతా గుక్కతిప్పకుండా నాయనకు చెప్పాను. ఆయన విని, "ఆకు తింటే అప్పు తీరుతుందామ్మా?" అన్నాడు. మూడెకరాలు. కలుపు తీయడానికి కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి బుడ్డల ధరకు గిట్టదు. ఆ కలుపు ఇన్నేళ్ళూ కూలి లేకుండా తీసింది అమ్మా, అవ్వా. వాళ్ళ నడుములు అడగాలి సుస్థిర జీవనం అంటే ఏమిటో! కాబట్టి నాయనను దోషిగా నిలబెట్టి నేను గొప్పదాన్ని కాలేను.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళ చోటు చూసి వచ్చాను. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలుపెట్టిన సంస్థ అది. 32 ఎకరాల బీడును మంటల నుంచి, మేత నుంచి కాపాడుకుంటూ వస్తే అదే అడవిగా లేచింది. రసాయనాలు లేకుండా కొర్ర, సామ పండించే రైతుల సహకార సంఘం కూడా ఉంది, ధరణి అని. పండించినదాన్ని శుభ్రం చేసి అమ్మేదీ వాళ్ళే. అక్కడ నాకు నచ్చింది ఇదే. మా నాయన ప్రశ్నకు వాళ్ళు ఉపన్యాసం చెప్పలేదు, మార్కెట్టు చూపించారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక బెంగుళూరు అంగళ్ళలో కొర్రబియ్యం అందమైన సంచుల్లోకి ఎక్కింది. అవ్వకు చెబితే "మేము తినేటప్పుడు అది బీదోళ్ళ కూడు" అని నవ్వింది.

ఈ ఏడు నాయనతో ఒక ఒప్పందం కుదిరింది. గెనిమ పక్కన ఐదు సాళ్ళకు మందు కొట్టడు. అందులో బుడ్డల మధ్య కంది, అలసంద, అనుములు వేశాం. విత్తనాలు అవ్వ బూడిదలో కలిపి సొరబుర్రలో దాచినవే. గాలికి మందు ఇటు కూడా కొంత పడింది. ఆ అంచు సాలులో నేను ఆకు కోయను.

నా నోటుపుస్తకంలో అవ్వ చెప్పగా రాసుకున్న ఆకులు పదిహేడు. ఈ ముంగారులో నాకు కనబడినవి తొమ్మిది. వాటిని హెర్బేరియం షీట్ల మీద అంటించి, లాటిన్ పేర్లు రాసి, సెలవులకు ఇంటికి తీసుకుపోయి గర్వంగా అవ్వ ముందు పెట్టాను. అవ్వకు చూపు మందగించింది. ఒక్కొక్క షీటూ ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన లేదు, ఎట్ల చెప్పేది?" అంది. చివరికి ఒకదాన్ని వేళ్ళతో తడిమి పక్కన పెట్టేసింది.

"ఇది గురుగు కాదు పాపా. పూత పట్టినప్పుడు రా, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా."

పూత పట్టేసరికి మాకు సెమిస్టర్ పరీక్షలు. ఏదో ఒక ఆదివారం బస్సెక్కి వస్తానని చెప్పాను.