కొండవీడులో కోట కంటే చెరువులే ఎక్కువ చూశాం

నిన్న పొద్దున్నే పిల్లల్ని కార్లో ఎక్కించుకుని కొండవీడు వెళ్లొచ్చాం. గుంటూరు నుంచి ఫిరంగిపురం మీదుగా వెళ్లాం. ఘాట్ రోడ్డు పడ్డాక కొండెక్కడం కష్టమేం కాదు.

రెడ్డిరాజుల రాజధాని, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు అని దారంతా ఊరించాను. తీరా చూస్తే మావాడు "నాన్నా, రాజుగారి ఇల్లేది?" అన్నాడు. చూపిద్దామంటే మొండిగోడలు, ముళ్లకంపలే.

కానీ చెరువులు మాత్రం అలాగే ఉన్నాయి. అంత ఎత్తున ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు! కొండమీద పడ్డ వానను పడ్డచోటే పట్టుకునే ఏర్పాటు. గోడ ఎంత ఎత్తు కట్టినా లోపల తాగునీళ్లు లేకపోతే ముట్టడి వేసినవాడికి కత్తి దూసే పనే ఉండదు కదా. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోట గెలుచుకున్నాడు. ఆ తర్వాత ఎందరో ఏలారు. ఏలినవాళ్లెవరైనా తాగింది మాత్రం వాననీళ్లే.

రాజుల పేర్లు బట్టీ పట్టించారు గానీ, ఈ చెరువులు తవ్వినవాళ్ల గురించి మా బడిలో ఒక్క ముక్క చెప్పలేదు.

వెళ్లేవాళ్లు వానలు పడ్డాక వెళ్లండి. పిల్లలకు బూట్లు తప్పనిసరి, ముళ్లున్నాయి.