“పోలె” యను మాట

తూర్పు ఆఫ్రికాయందు టాంజానియా, కెన్యా దేశములలో స్వాహిలి భాష విరివిగ వాడుకలో నున్నది. సోదరీమణులారా, అందలి పలకరింపులు కొన్ని మనకు చుట్టపుమాటలవలె దోచును. పిన్నలు పెద్దలను జూచి “షికమో” యందురు. పాదములు పట్టుచున్నానని దాని మూలార్థము. పెద్దలు “మరహాబా” యని బదులిత్తురు. “హబారి” యన్నది మన ఖబరునకు మూలమైన యరబ్బీ మాటయే. దానికి మొదట “న్జూరి”, అనగా మంచిదే, యని చెప్పి, కష్టమున్నచో పిమ్మట చెప్పుకొందురు.

నాకు మిక్కిలి ప్రియమైనది “పోలె”. అలసినవారికి, జబ్బుపడినవారికి, కాలు తడబడినవారికి సైతము ఆ మాట చెల్లును. దారెస్సలాము నగరమున మేము కాపురమున్నపుడు, నేను బట్టలు పిండుచుండగా పొరుగామె “పోలె న కాజి” యనెడిది. కాజి యనగా పని. ఇంటిపనికి కూలి లేదు సరే, పలకరింపొకటి యుండుట నే నచ్చటనే వింటిని.

మా యమ్మ పోయినదని కబురు వచ్చిననాడు ఆమెయే వాకిట నిలిచి “హోడి” యని పిలిచెను. లోనికి రావచ్చునా యని దాని భావము. ఇంటివారు “కరీబు” అన్నగాని గడప దాటరు. నాకు గొంతు పెగలలేదు. “పోలె సానా” యనెను. ఇంగ్లీషు “సారీ”వలె అందు తప్పొప్పుకోలు వాసన లేదు. మనవారైన నేమనుటకు దోచక “ఎట్లు జరిగినది?” యని యడుగుదురు; చెప్పినదే పదిమందికి చెప్పవలెను. ఆమె యేమియు నడుగలేదు. నేను “కరీబు” అనగలుగువరకు గడప వెలుపలనే నిలిచియుండెను.