మా చెల్క... మన చెల్క

నాదర్‌గుల్‌లో ఆటో దిగి ఇంటికి నడుస్తుంటే నాయన చెయ్యి చూపించాడు. ''ఆ మూడంతస్తుల ఇల్లు కనవడ్తుందా? మన చెల్కలనే కట్టిండ్రు!''

చెల్క అంటే మా వైపు మెట్టపొలం. ఆ రెండెకరాలూ అమ్మేసి దాదాపు ఇరవై ఏళ్లు. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, అక్క పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి నాయన రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం పెట్టాడు. కందులు, ఆముదాలు పండిన నేలలో హద్దురాళ్లు మొలిచాయి. చెల్క పాసుపుస్తకంలోంచి పోయింది గానీ, నాయన నోట్లోంచి పోలేదు.

ఇంగ్లీషులో 'హ్యావ్' ఉన్నట్టు మనకు ఒక క్రియ లేదు. ఏదైనా 'ఉంది' అంటాం, అంతే. ఎవరికి ఉంది, ఎవరి దగ్గర ఉంది అన్నదాంట్లోనే కిటుకంతా. 'నాకు ఇద్దరు పిల్లలున్నారు' అంటాం. 'నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు' అంటే ఎవరి పిల్లలో అని చూస్తారు! జేబులో వంద నోటుంటే మాత్రం అది 'నా దగ్గర' ఉన్నట్టు. భూమిదీ పిల్లల వరసే.

'దగ్గర'కు మా ఊళ్లో మాట 'తాన'. చెల్క అమ్మిన సాయంత్రం అమ్మ పక్కింటి పెద్దమ్మతో అంది: ''నిన్నటిదాంక మాకు భూమి ఉండె. ఇయ్యాల మా తాన పైసలున్నయ్.'' వారం తిరక్కుండానే అవి అప్పులవాళ్ల తానకు పోయాయి.

ఇక 'మా', 'మన'. 'మా'లో ఎదుటివాళ్లు ఉండరు, 'మన'లో ఉంటారు. తమిళం, మలయాళాల్లోనూ ఈ తేడా ఉంది. హిందీ, ఇంగ్లీషుల్లో లేదు. స్నేహితుడితో 'మా ఆవిడ' అనబోయి 'మన ఆవిడ' అన్నామా... అంతే సంగతులు!

అందుకే, ఆ ఇంటాయన గేటు దగ్గర కనిపించగానే నాయన ఆగేసరికి నాకు గుండె గుభేలుమంది. ప్లాటు కొన్నవాళ్లకు ఎవరైనా వచ్చి 'ఇది మాది' అంటారేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది.

''సారూ, బోరుల నీళ్లు మంచిగున్నయా? మన చెల్కల ఆ మూలకే జల ఉండేది'' అన్నాడు నాయన.

నేను సర్దిచెప్పబోయేలోపే ఆయన నవ్వాడు. ''మీరు చూపించిన చోటే వేయించాను కదా పెద్దాయనా! ఎంత ఎండల్లోనూ మన బోరుకి ఢోకా లేదు.''

ఇల్లు చేరేదాకా నాయన మళ్లీ మాట్లాడలేదు. నేనూ ఆయన మాట దిద్దలేదు.