కమాన్ కట్ట విప్పిన రోజు

మా జిప్సీ రోజూ పొద్దున్నే నర్సీపట్నం నుంచి బయల్దేరి, లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి చేరుతుంది. సాయంత్రం బడి వదిలాక దిగుతుంది. పాతికేళ్లు దాటినా ఇంజనుకు ఏ లోటూ లేదు. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక మలుపు దగ్గర చిన్న గుంత తగిలి వెనక చక్రాలు పక్కకు గెంతాయి, అదీ లోయ వైపుకి. బండి నిలదొక్కుకుంది గాని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండంగుళాలు ఎత్తు లేపే కొత్త కమాన్లు, ఓ సైజు పెద్ద టైర్లు వేయించాలని అప్పుడే అనుకున్నాను. గ్యారేజీ మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఎత్తు సంగతి తర్వాత మాస్టారూ, ముందు ఉన్నదాని పరిస్థితేంటో చూడనివ్వండి" అంటూ బండి కిందికి దూరాడు. కమాను చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ పక్కన గడ్డపార మొన పెట్టి మీటితే బుష్ రబ్బరు ముక్కలై రాలింది. షాక్ అబ్జార్బర్ల ఒంటినిండా ఆయిలు, దాని మీద పేరుకున్న ఎర్రమట్టి. ఒకదాన్ని విప్పి నా చేతికిచ్చి లాగమన్నాడు. సైకిలు పంపులా తేలిగ్గా వచ్చేసింది.

బండి బరువు మోసేది కమాను. ఆ కమాను ఊగిసలాటను ఆపి, చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచేది షాక్ అబ్జార్బరు. లోపలి ఆయిలు సన్నని రంధ్రాల్లోంచి దూరడానికి పడే కష్టమే ఆ పని చేస్తుంది. ఆయిలు కారిపోయాక చక్రం బంతిలా ఎగురుతుంది, ఎగిరిన చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. కుదుపు తగ్గించుకోవడం సుఖం కోసమేనని నేను అన్నాళ్లూ అనుకున్నాను. అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

జిప్సీకి ముందూ వెనకా కమాన్లే. నిండా జనం, సరుకు ఎక్కినప్పటి బరువుకు చేసినవి. ఒక్క మనిషి, ఒక టిఫిన్ క్యారేజీ ఉన్న బండికి అవి గట్టిగానే ఉంటాయి. అందుకని చాలామంది కమాను కట్టలోంచి ఒక పట్టీ తీయించేస్తారు. ఘాటు దిగే బండికి అది మంచి పని కాదని నా గట్టి అభిప్రాయం. బ్రేకు నొక్కినప్పుడు ఇరుసు మెలి తిరగకుండా పట్టి ఉంచేది కూడా ఆ కట్టే. మేస్త్రీ కట్ట మొత్తం విప్పాడు. పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఉంది. ఒకదాని మీద ఒకటి జారాల్సినవి కరుచుకుపోయి, కట్టంతా ఒకే ఇనుప దిమ్మెలా తయారైంది. వైరు బ్రష్‌తో రుద్ది, గ్రాఫైటు గ్రీజు పూసి, కొత్త బుష్‌లు, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే కొత్త యూ బోల్టులు వేసి మళ్లీ కట్టాడు. ఒక సంగతి మాత్రం పట్టుబట్టి నాకు చూపించాడు. షాకిల్ బోల్టులను ఆఖరి బిగింపు బిగించాల్సింది జాకీ దించి, బండి తన చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. వారం తిరిగాక వచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకోమన్నాడు.

ఇక టైర్లు. మా బండివి 205/70 ఆర్15. 215/75 వేస్తే చక్రం వ్యాసం 35 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీటరు 60 చూపించేటప్పుడు బండి 63 మీద ఉంటుంది. ఎక్కుడులో 1300 సీసీ ఇంజనుకు అది అదనపు భారం. కొలత మార్చకుండా, తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం వేయించాను. పెద్ద పెద్ద గడులున్న బురద టైర్లు తడి తారు మీద అంత పట్టు ఇవ్వవు, నా దారిలో ఎక్కువ భాగం తారే. ఫోర్ వీల్ బండికి నాలుగు చక్రాలూ ఒకే కొలత, ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే నాలుగు చక్రాలకూ శక్తి కలిపినప్పుడు గేర్లు ఒకదాన్నొకటి పీకుతాయి.

స్టెప్నీ గడులు చెక్కు చెదరలేదని దాన్నీ వాడదామనుకున్నాను. మేస్త్రీ దాని పక్కగోడ తుడిచి చూపించాడు. 0911. అంటే 2011లో తొమ్మిదో వారంలో తయారైనది. గడుల సందుల్లో రబ్బరు సన్నగా బీటలు వారి ఉంది.

ఇప్పుడు అదే మలుపులో, అదే గుంతలో బండి ఒక్కసారి దిగి లేచి కుదురుకుంటోంది. ఎత్తు ఒక్క అంగుళం కూడా పెంచలేదు. మీరూ పాత బండి మీద రోజూ కొండ ఎక్కి దిగేవారైతే రేపు పొద్దున్న బయల్దేరే ముందు ఐదు టైర్ల మీదా ఆ నాలుగంకెలు చదవండి. ఐదోది స్టెప్నీ, దాన్ని మర్చిపోకండి.