చేతిపని

చదువుకొన్నవాని చేతికి మసి యంటరాదను భ్రమ మనలో నింకను పోలేదు. మా మిత్రునికి పాత మారుతి 800 కారు కలదు. ఆ రకము తయారీ 2014లోనే నిలిచిపోయినది. ఎండలలో రేడియేటరు నీరు మరగి పొంగుటచే, బండి కలమల్ల నుండి ప్రొద్దుటూరు చేరకయే యాగుచుండెను. ఆయన తల్లిగారికి వారమునకు రెండుమార్లు డయాలిసిస్ తప్పదు. ఒక మేస్త్రీ ఇంజను విప్పవలెననెను. అంత సొమ్ము లేదు.

మేము మిత్రునితో గూడి, ఇంజను చల్లారిన పిదప రేడియేటరు మూత తీసి చూచితిమి. దాని రబ్బరు పగిలియుండెను. మూత లోపలి యొత్తిడిని నిలిపినగాని నీటి మరుగుస్థానము పెరుగదు. తుప్పునీరు తీసి, కూలెంటు నింపి, క్రొత్త మూత బిగించితిమి. అల్పవ్యయముతోనే బండి సాగినది.

మిక్కిలి ప్రాచీనమైన తెలుగు శాసనము, క్రీ.శ. 575 ప్రాంతమునాటిది, ఈ యూరిదే. ఆ యక్షరములను ఱాతిపై మలచినదియు నొక పనివాని చేయియే గదా! పిల్లలకు పుస్తకముతోపాటు పనిముట్టును పరిచయము చేయుదము.